పేజీ చిరగలేదండీ

మొన్న సంక్రాంతి వెళ్ళాక మా అక్క కొడుకు నన్ను వెంటబెట్టుకుని ఫిలింనగర్‌లో ఒక నిర్మాత ఆఫీసుకి తీసుకెళ్ళాడు. "నువ్వు పక్కనుంటే కనీసం టీ అయినా ఇస్తారు మావయ్యా" అన్నాడు. ముప్పయ్యేళ్ళు సినిమా సెట్ల మీద స్టిల్ ఫోటోగ్రాఫర్‌గా తిరిగినవాణ్ణి కదా, ఆపాటి పరపతి ఉంది. టీ ఇచ్చారు. బిస్కెట్లు కూడా ఇచ్చారు.

మావాడు ఫోటోలు తీస్తాడు. వీపున సంచి తగిలించుకుని పదేళ్ళలో లదాఖ్ నుంచి శ్రీలంక దాకా తిరిగాడు. ఆ తిరుగుడంతా అయ్యాక చివరికి వాడికి దొరికింది మాత్రం ఇంటి పక్కనే. పాలమూరు వైపు మేత తగ్గగానే గొర్రెల మందల్ని తోలుకుని నెలల తరబడి కాలవల కింది పొలాల దాకా నడిచే కాపరుల వెంట మూడేళ్ళు నడిచాడు. రైతులు ఎరువు కోసం పొలంలో రాత్రిపూట మంద కట్టించుకుంటే, ఆ మంద పక్కనే పడుకున్నాడు. తీసిన ఫోటోల్ని ముందేసుకుని తొంభై పేజీల బొమ్మల కథ రాశాడు. బొమ్మలు వాడి స్నేహితుడు గీశాడు. ఇప్పుడు దాన్ని సినిమాగా తీస్తానంటున్నాడు.

నిర్మాతగారు ఆ పుస్తకాన్ని పెళ్ళి ఆల్బమ్ తిప్పినట్టు వెనక నుంచి ముందుకు తిప్పారు. ఒకచోట ఆగారు. ఆ పేజీలో రెండే బొమ్మలు. మొదటి దాంట్లో రాత్రి, వాన. ముసలి కాపరి గొంగడి కప్పుకుని కూచున్నాడు, గొంగడి సందులోంచి గొర్రెపిల్ల మూతి కనిపిస్తోంది. రెండో దాంట్లో తెల్లారింది. ముళ్ళకంచె మీద గొంగడి ఆరేసి ఉంది, ముసలాయన చేతులు రెండూ మోకాళ్ళ మీద ఉన్నాయి.

"ఇక్కడ పేజీ ఏదో చిరిగినట్టుందే. పిల్ల చచ్చిపోయే సీనేదీ?" అన్నారాయన.

"చిరగలేదండీ. అంతే."

ఆయన పుస్తకం మూసేసి, అందరూ అడిగేదే అడిగారు. "ఇంతకీ ఏ డైరెక్టర్ దగ్గర చేశావు బాబూ?"

ఎవరి దగ్గరా చెయ్యలేదు. అక్కడితో మాట అయిపోయింది. లిఫ్టులో దిగుతున్నప్పుడు మావాడు ఏమీ అనలేదు, నేనే లోపల్లోపల గొణుక్కున్నాను. ఆ గొణుగుడే ఈ వ్యాసం.

నా పని తెలియనివాళ్ళ కోసం ఓ మాట. షాట్ ఓకే కాగానే స్టిల్ ఫోటోగ్రాఫర్ "స్టిల్!" అని అరవాలి. లైట్ బాయ్ లైటు ఆర్పేలోగా అరవాలి, అందుకు గొంతుండాలి. అప్పటిదాకా నిజంగానే ఏడ్చిన నటి, అదే చోట నిలబడి అదే ఏడుపు మొహం మళ్ళీ పెడుతుంది. ఈలోగా కన్నీళ్ళు ఆరిపోయి ఉంటాయి. డైరెక్టరు అప్పటికే తరవాతి షాట్ దగ్గర ఉంటాడు. "కానీవయ్యా, కానీ" అని ఎవడో ఒకడు తరుముతూ ఉంటాడు. ఆ రెండు క్లిక్కులే గోడల మీద పోస్టర్లవుతాయి, పేపర్లకెక్కుతాయి. ఒకప్పుడు వెండితెర నవలల మధ్య కూడా కూచునేవి. సినిమాని జనం ముందు చూసేది మా ఫోటోల్లోనే. కానీ మావాళ్ళలో ఎవడైనా కథ చెబుతానంటే, మేళగాడు పురోహితం చేస్తానన్నట్టు చూస్తారు.

సినిమా కెమెరా పట్టినవాడికి ఈ అడ్డు లేదు. తేజ కెమెరామన్‌గా ఉండి 2000లో 'చిత్రం' తీశాడు, ఎవరూ ఆశ్చర్యపోలేదు. షార్ట్ ఫిల్ములు తీసుకుంటున్న తరుణ్ భాస్కర్ 2016లో 'పెళ్ళిచూపులు' తీసినప్పటి నుంచి ఆ తలుపూ తెరుచుకుంది. కదలని కెమెరా పట్టినవాడూ, బొమ్మల కథ రాసేవాడూ మాత్రం ఇంకా గుమ్మం బయటే. ఒకే మనిషి ఆ రెండూ అయితే? ఇక వాడికి ఎక్కడా కుర్చీ లేదు.

కుర్చీ దొరికిన మనిషి ఒకాయన ఉన్నాడు. విలియం క్లైన్. పుట్టింది న్యూయార్క్‌లో, బతికింది పారిస్‌లో, 2022 సెప్టెంబర్‌లో పోయాడు. పద్దెనిమిదేళ్ళకి అమెరికా సైన్యంలో చేరి జర్మనీ వెళ్ళాడు. అక్కడ రెండు జరిగాయి. సైనికుల పత్రిక 'స్టార్స్ అండ్ స్ట్రైప్స్'కి కార్టూన్లు గీశాడు. పేకాటలో ఒక కెమెరా గెలిచాడు. (మన వాళ్ళు పేకాటలో పొలాలు పోగొట్టుకున్న కథలే విన్నాను గానీ, వృత్తి సంపాదించుకున్న కథ ఇదొక్కటే.) తరవాత పారిస్‌లో ఫెర్నాండ్ లెజే అనే చిత్రకారుడి దగ్గర బొమ్మలు నేర్చుకున్నాడు. 1954లో 'వోగ్' ఫ్యాషన్ పత్రికవాళ్ళు న్యూయార్క్ పిలిపిస్తే, పుట్టిన ఊరిని కొత్తగా వచ్చినవాడిలా తిరిగి ఫోటోలు తీశాడు. జనం మీదికి వెళ్ళి, మొహంలో మొహం పెట్టి, వైడ్ లెన్స్‌తో. మసక, గరుకు, కదిలిపోయిన మొహాలు. నేను పనిచేసిన స్టూడియోలో మా గురువుగారు చూస్తే సగం చింపేసేవారు. ఆ ఫోటోల పుస్తకాన్ని అమెరికాలో ఏ ప్రచురణకర్తా ముట్టుకోలేదు. 1956లో పారిస్‌లోని సయ్ సంస్థ అచ్చేసింది. అక్కడ దానికోసం పట్టుబట్టిన యువ సంపాదకుడు క్రిస్ మార్కర్. ఆయన సంగతికి మళ్ళీ వస్తాను.

ఆ పుస్తకంలో ఒక ఫోటో లోకానికంతా తెలుసు. వీధి పిల్లాడొకడు తుపాకిని సరిగ్గా మన మొహానికి గురిపెట్టాడు. పళ్ళు కొరుకుతున్నాడు, తుపాకి గొట్టం లెన్సుకి మరీ దగ్గరగా ఉండి మసకబారింది. పక్కన ఇంకా చిన్నవాడు వాణ్ణి దేవుణ్ణి చూసినట్టు చూస్తున్నాడు. చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. అసలు సంగతి క్లైనే చాలాసార్లు చెప్పాడు: కోపంగా చూడమని అడిగింది తనే, పిల్లాడు చూశాడు, ఆ వెంటనే ఇద్దరూ పగలబడి నవ్వుకున్నారు.

ఆ నవ్వే నాకు ముఖ్యం. ఫోటోలో నవ్వు లేదు. దాని పక్కన ఉంది.

ఫిల్ము రోజుల్లో పనిచేసినవాళ్ళకి ఇది వెంటనే తడుతుంది. ముప్ఫయ్యారు ఫ్రేముల రీలు కడిగి, ఆరేసి ఫ్రేముల చొప్పున ఆరు ముక్కలు కోసి, డార్క్‌రూమ్‌లో ఎర్ర బల్బు కింద బ్రోమైడ్ కాగితం మీద పక్కపక్కన పేర్చి, పైన అద్దం బిళ్ళ పెట్టి, క్షణంపాటు తెల్ల లైటు వేసేవాళ్ళం. ఆ కాగితం డెవలపర్‌లో ముంచగానే ముప్ఫయ్యారు చిన్న చిన్న బొమ్మలు ఒక్కసారే పైకి తేలేవి. అదే కాంటాక్టు షీటు. మా ఎడిటరు దాని మీద ఎర్ర పెన్సిలుతో ఒకదానికి సున్నా చుట్టేవాడు. ఆ ఒక్కటీ అచ్చుకి పోయేది, మిగతా ముప్ఫయ్యయిదూ కవరులోకి పోయేవి. తెనాలిలో చందమామలు చదివి పెరిగినవాణ్ణి కదా, నాకు ఆ షీటు ఎప్పుడు చూసినా బొమ్మల కథలాగే కనిపించేది. ఎడమ నుంచి కుడికి, వరస తరవాత వరస. మనిషి వస్తాడు, నవ్వుతాడు, ఎవరో పిలిస్తే తల తిప్పుతాడు, తరవాతి ఫ్రేములో ఉండడు. ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య నల్లటి సందు. అసలు జరిగిందంతా ఆ సందులోనే జరిగేది.

ఓ లెక్క చూడండి. ఫోటో ఒక్కోటీ సెకండులో నూటపాతికో వంతు అనుకుంటే, రీలు మొత్తం కలిపినా సెకండులో మూడోవంతు కాదు. ఆ ముప్ఫయ్యారు బొమ్మలు తియ్యడానికి నాకు మధ్యాహ్నం పట్టేది. ఆ మధ్యాహ్నమంతా ఏమైనట్టు? ఈ ప్రశ్న ఒకసారి పట్టుకుంటే ఫోటోగ్రాఫరుకి సినిమా పిచ్చి మొదలవుతుంది. క్లైన్‌కీ మొదలైంది. 1980లలో ఆయనే 'కాంటాక్ట్స్' అని ఒక వరస చిన్న సినిమాలకి ఆలోచన ఇచ్చాడు. తెర మీద కాంటాక్టు షీటు తప్ప ఏమీ ఉండదు. కెమెరా ఒక్కో ఫ్రేము దాటుకుంటూ పోతుంటుంది, తీసినవాడి గొంతు ఇది ఎందుకు తీశాను, ఇది ఎందుకు వదిలేశాను అని చెబుతుంటుంది. సున్నా చుట్టినదాని పక్కనున్న వాటిని చూడనిచ్చిన సినిమా అది. మన ఫోటోగ్రఫీ విద్యార్థులకి మొదటిరోజు ఇదే చూపించాలంటాను నేను. వాళ్ళ మాస్టర్లు మొదటిరోజు కెమెరా ధరలు చెబుతున్నారు.

క్లైన్ సినిమాలోకి వచ్చిన దారి కూడా వంకర దారే. 1956లో ఇటలీ దర్శకుడు ఫెలినీ ఆయన పుస్తకం చూసి, రోమ్ వచ్చి అసిస్టెంటుగా ఉండమన్నాడు. వెళ్ళాడు. షూటింగు వాయిదా పడింది. ఊరికే కూచోలేక కెమెరా పట్టుకుని రోమ్ వీధులన్నీ తిరిగాడు. అసిస్టెంటు డైరెక్టరు కాబోయినవాడికి మరో ఫోటోల పుస్తకం తయారైంది. తరవాత మాస్కో, టోక్యో. ఈ మధ్యలోనే, 1958లో, 'బ్రాడ్‌వే బై లైట్' అని చిన్న సినిమా తీశాడు. న్యూయార్క్ నియాన్ బోర్డులు, రాత్రి, రంగులు, వెలుగుతూ ఆరే అక్షరాలు. అంతే. కథ లేదు, హీరో లేడు.

ఇంతవరకూ పొగిడాను కాబట్టి, ఇది కూడా చెప్పాలి. 1968 నాటి 'మిస్టర్ ఫ్రీడమ్' నాకు నచ్చలేదు. కార్టూన్లు గీసిన చేతికి కామిక్ హీరోని ఎగతాళి చేసే అవకాశం దొరికింది. ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో ఫుట్‌బాల్ కవచం తొడుక్కున్న అమెరికా వీరుడు ఫ్రాన్సుని ఉద్ధరించడానికి బయల్దేరతాడు. మాట నిజం, కోపం నిజం, వియత్నాం యుద్ధం నడుస్తున్న కాలం. కానీ ప్రతి ఫ్రేమూ పోస్టరే. ప్రతి ఫ్రేమూ నోరు తెరిచి అరుస్తుంటుంది, పక్క ఫ్రేముకి చోటివ్వదు. సందు లేదు. అరగంటకే నా కళ్ళు అలసిపోయాయి. దీనికంటే రెండేళ్ళ ముందు ఫ్యాషన్ లోకాన్ని ఆటపట్టిస్తూ తీసిన 'పాలీ మగూ' కాస్త నయం. తను తిండి తిన్న ఇల్లు కాబట్టి దాని మూలలన్నీ తెలుసు. రేకులు వంచి కుట్టిన గౌన్లేసుకుని మోడళ్ళు నడుస్తుంటే పెద్ద పెద్దవాళ్ళు నోళ్ళు తెరిచి చూడటం, అది కార్టూనిస్టు కన్ను.

ఆయన తీసిన వాటిల్లో గొప్పది బాక్సర్ ముహమ్మద్ అలీ మీదది. 1964 ఫిబ్రవరిలో సోనీ లిస్టన్‌తో అలీ పోటీ కోసం క్లైన్ మయామీ వెళ్తుంటే విమానంలో పక్క సీటు నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్‌ది. ఆ పరిచయం వల్లే క్లైన్‌కి తలుపులు తెరుచుకున్నాయి. పదేళ్ళ తరవాత 1974లో, ఫోర్‌మన్‌తో పోటీకి కిన్షాసా కూడా వెళ్ళాడు. ఆ సినిమాలో క్లైన్ ఫ్రేము కట్టుకుని కూచోలేడు, ఎందుకంటే అలీ ఒక్కచోట నిలబడడు. ఫ్రేములోంచి జారిపోతాడు, మళ్ళీ వస్తాడు, కెమెరాతో వాదిస్తాడు. ఫోటోగ్రాఫరు ఓడిపోయి డైరెక్టరు గెలిచిన సినిమా అనిపిస్తుంది నాకు.

అందుకే మన సమీక్షల్లో "ప్రతి ఫ్రేమూ ఒక పెయింటింగులా ఉంది" అని రాస్తే నాకు చిరాకు. పెయింటింగులా ఉంటే గోడకి తగిలించుకోవచ్చు, థియేటరుకి ఎందుకు? ఈ మాట ఎక్కువ మోసినవాడు పాపం బాపు. 1967లో 'సాక్షి' తీసేనాటికి ఆయన పత్రికల్లో బొమ్మలూ కార్టూన్లూ వేసే మనిషి. గోదావరి పక్క పులిదిండి వెళ్ళి, నలుపు తెలుపులో తీశాడు. ఆయన అందంగా ఫ్రేము పెడతాడని అందరికీ తెలుసు. కానీ ఆయన కార్టూను ఒకటి తీసి చూడండి. గదికి గోడలుండవు. ఒక కుర్చీ వంపు, ఆవిడ జడ, ఆయన బనీను, మిగతాదంతా తెల్ల కాగితం. ఆ గది ఎంతుంటుందో, అందులో సామాన్లేముంటాయో మనమే కట్టుకుంటాం. అలా వదిలెయ్యడం తెలిసిన చెయ్యి అది. అందం దాని తరవాత.

ఆయనదే 'ముత్యాల ముగ్గు'లో తెల్లారగట్ల ఆకాశాన్ని చూసి కాంట్రాక్టరు అనే మాట తెలుగువాళ్ళందరికీ కంఠతా. బొమ్మేమో ఎర్రగా పొడుస్తున్న సూర్యుడు, ఏ క్యాలెండరులోనైనా ఉండేదే. కింద మాటల రచయిత ముళ్ళపూడి వెంకటరమణ పెట్టిన మాట ఆ సూర్యుణ్ణి ఇంకేదో చేసేసింది. బొమ్మ ఒకటి చెబుతుంది, మాట ఒకటి చెబుతుంది, మూడోది చూసేవాడి బుర్రలో పుడుతుంది. ఇది బొమ్మల కథ రాసేవాళ్ళకి చేతి కింది పని.

నాకీ సంగతి మొదట నేర్పింది సినిమా కాదు, చందమామలో ఫోటోలకి వ్యాఖ్యలు రాసే పోటీ. నెలకి రెండు ఫోటోలు పక్కపక్కన వేసేవాళ్ళు. ఒకదానికీ ఒకదానికీ సంబంధం ఉండదు. రెంటికీ కలిపి జంటగా అతికే రెండు ముక్కలు మనం రాసి పోస్టు కార్డు మీద పంపాలి. నేను ఆరేళ్ళు పంపాను, ఒక్కసారి కూడా బహుమతి రాలేదు. మా అక్కయ్య రాసిన కార్డులు నావాటికంటే బాగుండేవని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఇందాక చెప్పిన క్రిస్ మార్కర్ ఆ పోటీని తిరగేసి ఆడాడు. ఆయనా దేశదిమ్మరే. సయ్ సంస్థలో యాత్రా పుస్తకాల వరస నడిపాడు, ఉత్తర కొరియా వెళ్ళి ఫోటోల పుస్తకం వేశాడు. 1957లో సైబీరియా మీద తీసిన సినిమాలో, యాకుత్స్క్ ఊళ్ళో ఒక బస్సు, ఒక కారు, రోడ్డు పని చేస్తున్న కూలీలు, దాటిపోతున్న ఒక మనిషి, ఇంతే ఉన్న ముక్కని వరసగా మూడుసార్లు చూపిస్తాడు. మొదటిసారి వెనకనుంచి సోవియట్ భజన, రెండోసారి తిట్లు, మూడోసారి ఉన్నదున్నట్టు. బొమ్మ మారలేదు, ఊరు మూడుసార్లు మారిపోయింది. తరవాత 1962లో 'లా జెటే' తీశాడు. ఇరవై ఎనిమిది నిమిషాలు, దాదాపు అంతా కదలని ఫోటోలే. టైటిల్సులో దాన్ని సినిమా అనలేదు, ఫోటో నవల అన్నాడు. ఒక్కచోట మాత్రం, నిద్రపోతున్న అమ్మాయి ఫోటోలు ఒకదాని తరవాత ఒకటి వస్తూ వస్తూ, ఆ అమ్మాయి నిజంగానే కళ్ళు తెరిచి మనవైపు చూస్తుంది. కొన్ని క్షణాలు. సినిమా అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది, నలభై దాటాక, ఒక ఫిల్మ్ సొసైటీ వాళ్ళ ఇనప కుర్చీలో. అన్నట్టు ఆ సినిమాలో భవిష్యత్తు నుంచి వచ్చిన మనుషుల్లో ఒకడుగా కనిపించేది విలియం క్లైనే. దాని ఆధారంగా 1995లో 'ట్వెల్వ్ మంకీస్' తీసిన టెర్రీ గిలియం ఎవరంటారా? న్యూయార్క్‌లో 'హెల్ప్' అనే హాస్య పత్రికలో ఫోటోలతో బొమ్మల కథలు కూర్చినవాడు.

మన దేశంలోనే చూసుకుందాం. సత్యజిత్ రాయ్ ప్రకటనల కంపెనీలో బొమ్మలేసేవాడు. 'పథేర్ పాంచాలీ'ని స్క్రిప్టు కట్టగా కాక బొమ్మల పుస్తకంగా పట్టుకుని నిర్మాతల చుట్టూ తిరిగాడు. కెమెరా చేతికిచ్చిన సుబ్రత మిత్రా అంతకుముందు సినిమా కెమెరా పట్టి ఎరగడు. ఆ నిర్మాతలు ఏం ప్రశ్న అడిగి ఉంటారో నేను ఊహించగలను.

నా వాదనల్లా ఇదే. "ఏ డైరెక్టర్ దగ్గర చేశావు" అనే ప్రశ్న పనికిమాలినదని అనను. వందమంది యూనిట్‌కి టైముకి భోజనం రప్పించడం, మబ్బు పట్టకముందే షాట్ తియ్యడం, అలిగిన నటుణ్ణి కారవాన్ దింపడం ఏ కాంటాక్టు షీటూ నేర్పదు. ఫోటోగ్రాఫరు ఒంటరి పక్షి, వాడికి చెవులు కూడా తక్కువ; మావాడి కథలో శబ్దం ఎక్కడా రాసుకోలేదు. తొంభై పేజీల్లో గొర్రె అరుపు ఒక్కటి లేదు. ఇది వాడికి మొహం మీదే చెప్పాను. కానీ ఆ పనులన్నీ తెలిసిన కో-డైరెక్టరుని పక్కన పెట్టవచ్చు. ఏది చూపించకూడదో తెలిసినవాణ్ణి జీతానికి తెచ్చి పెట్టలేం. ఆ నిర్మాతగారినే చూడండి. గొర్రెపిల్ల చచ్చిపోయిందని ఆయనకి ఎవరు చెప్పారు? బొమ్మలో లేదు, మాటల్లో లేదు. గొంగడి, ముళ్ళకంచె, ఖాళీ చేతులు. ఆయన ఆ చావుని చూశారు, చూసి, అది లేదని మా మీద ఫిర్యాదు చేశారు. అంతకంటే పెద్ద పరీక్ష పాసవ్వడం ఏముంటుంది? ఆ మాట అక్కడే అనాల్సింది. నాకు లిఫ్టులో తట్టింది.

మార్చిలో వాడు తన డబ్బులు వేసుకుని, ఆ రెండు బొమ్మల ముక్కనే పది నిమిషాల సినిమాగా తీశాడు. కాలవ కింద కోసేసిన పొలం, రెండొందల గొర్రెలు, నటులు లేరు, కాపరే కాపరి. సౌండు కోసం ఒక కుర్రాణ్ణి పెట్టుకున్నాడు, నా నస భరించలేక. నేను నా పాత నికాన్‌లో ఒక రీలు ఎక్కించుకుని వెళ్ళాను. మొదటి షాట్ ఓకే అనగానే అలవాటు చొప్పున గొంతు చించుకుని "స్టిల్!" అని అరిచాను.

"గొర్రెలు ఆగవు మావయ్యా" అన్నాడు వాడు, కెమెరా దగ్గర్నుంచి తల ఎత్తకుండానే.

ఆగలేదు. నా అరుపుకి బెదిరి గట్టు దిగి పోయాయి, కాపరి నన్ను నోటికొచ్చినట్టు తిట్టాడు, సౌండు కుర్రాడు అదంతా రికార్డు చేసుకున్నాడు. ఇప్పుడు ఊళ్ళో కాంటాక్టు షీటు వేసేవాడు దొరకడం కష్టమైంది, నేనే బాత్‌రూమ్ కిటికీకి నల్లగుడ్డ కట్టి వేసుకున్నాను. ముప్ఫయ్యారులో ఒక్క గొర్రె కూడా నిలకడగా లేదు. ఇరవై రెండో ఫ్రేములో కెమెరా వెనక డైరెక్టరు లేడు. ఇరవై మూడో దాంట్లో గట్టు కింద ఉన్నాడు, బురదలో మోకాళ్ళ దాకా, చంకలో ఒక పిల్లతో.

దేనికీ సున్నా చుట్టలేదు ఇంకా.